చప్పుడు విని కొన్న కారు

లింగమూర్తి కారు కొనాలనుకున్నది నిరుడు దసరా ముందు, బొగ్గు గని కంపెనీ లాభాల వాటా బ్యాంకులో పడ్డనాడు. కొన్నది ఈ శ్రావణంలో. ఆ మధ్య పది నెలలూ ఇంట్లోవాళ్లు పడ్డ యాతన అడక్కండి, చెబుతుంటే నాకే తిక్క రేగుతుంది.

మనిషి మంచివాడే. సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టరు. భార్య తిరుమల, తల్లి ఐలవ్వ, ఇంటరు చదివే కూతురు మమత, తొమ్మిదో తరగతి కొడుకు రుత్విక్. ఐదుగురికీ కలిపి ఉన్నది ఒక్క మోటారు సైకిలు. చుట్టాలింట్లో పెళ్లయితే ముందు తల్లిని దించి రావాలి, తర్వాత భార్యనూ కొడుకునూ ఎక్కించుకోవాలి, మమత బస్సు పట్టుకోవాలి. అందరూ చేరేసరికి అక్కడ విస్తళ్లు ఎత్తేస్తుండేవారు. ఐదుగురూ ఒక్క బండిలో పక్కపక్కన కూర్చుని ఎక్కడికన్నా పోయారా అంటే, లేదు. ఒక్కసారి కూడా లేదు.

అందుకే మమత ఒక్కటే అడిగింది.

"బాపూ, ఇంటరు అయినంక నేను హైదరాబాదుల హాస్టలుకు పోత. నేను పొయ్యే లోపల మనమైదుగురం ఒక్కసారి లక్నవరం చెరువుకు పోయొద్దాం. మన కారుల. గంతే, ఇంకేం అడుగ."

"పోదాం బిడ్డా, గదెంత పని?" అన్నాడు లింగమూర్తి. ఆ మాట అన్నందుకు తరువాత తిరుమల ఆయన్ని ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు.

ఇక్కడ ఆయన పని గురించి చెప్పాలి. లింగమూర్తి భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే మనిషి. బొగ్గు తీసిన చోట అడుగుపెట్టే ముందు ఇనుప రాడ్‌తో పైకప్పును కొట్టి చప్పుడు వింటారు. గట్టిగా పలికితే కింద పని చేసుకోవచ్చు. బోలుగా పలికితే పైన పొర విడిపోయిందని, అక్కడి నుంచి జరగాలని. ఇరవై రెండేళ్లుగా ఆయన చెవి ఆ పనే చేస్తోంది. ఇంట్లో స్లాబును కొడతాడు, ఆస్పత్రికి పోతే అక్కడి గోడను కొడతాడు. నలుగురూ నవ్వి ఊరుకునేవారు. కారు విషయంలో మాత్రం నవ్వు రాలేదు.

గోదావరిఖనిలో మొదటి షోరూముకు ఇంటిల్లిపాదీ పోయారు. అక్కడి సేల్స్ పిల్లవాడు మైలేజీ చెప్పాడు, వెనక కెమెరా చూపించాడు, కంతులు ఎట్లా కట్టాలో కాగితం మీద రాసిచ్చాడు. లింగమూర్తి ఒక్కటీ వినలేదు. చెయ్యి పైకెత్తి కారు నెత్తి మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"తమ్మీ, ఇది డబ్బా లెక్క మోగుతుంది గదా!"

"కారు నెత్తి గట్లనే మోగుతది సార్. అది రేకు గదా."

"గదే చెప్తున్న. వద్దు."

మంచిర్యాలలో వద్దు, కరీంనగర్‌లో వద్దు. మోకాళ్ల నొప్పుల ఐలవ్వ ఎక్కడానికి ఎత్తు తక్కువగా ఉండాలంది, వెనక గిన్నెలూ చాపలూ పట్టాలని తిరుమల అంది, ఆ రెండూ కుదిరిన కారు కరీంనగర్‌లో దొరికింది కూడా. బడ్జెట్‌లోనే ఉంది. రెండు దెబ్బలు కొట్టి బయటికి నడిచాడు మహానుభావుడు. రుత్విక్ పైన అద్దం తెరుచుకునే కారు ముందు నిలబడి, "బాపూ, గిది కొందాం, ఆకాశం కనపడతది" అన్నాడు.

"నెత్తికి బొక్క పెట్టిన బండిల నిన్ను కూసోవెట్టాల్నారా?" అని వాడి మీద లేచాడు. షోరూములో జనమంతా తిరిగి చూశారు. తిరుమలకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

షిఫ్టులో తోటి పనివాడు సదయ్య ఉండబట్టలేక, "అన్నా, నువ్వు కారు కొంటున్నవా, గనిల దిగుతున్నవా?" అన్నాడు. లింగమూర్తి ఆ రోజంతా సదయ్యతో మాట్లాడలేదు.

సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది, ఎండాకాలం పోయింది. మమత పరీక్షలు రాసింది, ఫలితాలు వచ్చాయి, హైదరాబాదులో ఇంజనీరింగు సీటు వచ్చింది. శ్రావణంలో ఒక సోమవారం హాస్టలులో చేరాలని కాగితం వచ్చింది. తిరుమల ఆ కాగితాన్ని మొగుడి పళ్లెం పక్కన పెట్టింది.

"సూడు. ఇంక పది రోజులున్నది. కొంటవా, లేకపోతే కిరాయి బండి మాట్లాడమంటవా?"

"ఎవడో డ్రైవరు, ఎవనిదో బండి. గా బండిల పిల్లలను ఎట్ల పంపుత?"

"నీ అసుంటి మనిషిని నేను యాడ సూడలే" అని తిరుమల చెంబు నేలకేసి కొట్టి లేచిపోయింది. ఆమె కడుపు మంట ఆమెది. పది నెలలుగా ఇదిగో అదిగో అంటే ఎవరికి మాత్రం మండదు?

సోమవారం ఇంకా నాలుగు రోజులుందనగా, గురువారం, షిఫ్టు దిగి ఒక్కడే మంచిర్యాల పోయాడు. అక్కడ పాత బండ్లు అమ్మించే ఒకాయన దగ్గర ఎనిమిది మంది కూర్చునే ముదురు నీలం బండి ఉంది. నెత్తి మీద కొట్టాడు. గట్టిగా పలికింది. నమ్మలేక ఇంకో పక్క కొట్టాడు. బండరాయిని కొట్టినట్టే ఉంది. లింగమూర్తి ముఖం వెలిగిపోయింది. బేరం కూడా సరిగా ఆడలేదు. ఆ గంటలోనే డబ్బు బదిలీ చేసి, బండి తోలుకుని కాలనీకి వచ్చేశాడు. వీధిలో హారను కొట్టుకుంటూ వస్తుంటే ఐలవ్వ గడప దాటి వచ్చి కన్నీళ్లు పెట్టుకుంది. మమత బండి చుట్టూ తిరిగి, ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కింది. ఆదివారం పొద్దున్నే ప్రయాణం అనుకున్నారు. పులిహోరకు చింతపండు కూడా నానబెట్టుకోవాలని అత్తాకోడళ్లు మాట్లాడుకున్నారు.

శనివారం తిరుమలే పట్టుబట్టి బండిని దస్తగిర్ దగ్గరికి పంపింది. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లుగా మెకానిక్. ముఖస్తుతి తెలియని మనిషి. దస్తగిర్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపుకు పెట్టాడు, అతుక్కుంది. నెత్తికి పెట్టాడు, జారి కింద పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది.

"లింగమూర్తి భాయ్, ఎవరిచ్చిండ్రు ఈ బండి?"

"ఎందుకు?"

"ఇది పల్టీ కొట్టిన బండి. నెత్తి నుజ్జయితే సుత్తితోని లేపి, మీద మొత్తం పుట్టీ పూసిండ్రు. ఇంత మందం ఉన్నది. అందుకే జారుతుంది."

"గట్టిగ పలికింది గదా!"

"పుట్టీ గట్టిగనే పలుకుతది భాయ్. అసల్ రేకు పలకదు." దస్తగిర్ వంగి చక్రాలు చూశాడు. "యా అల్లా! టైర్లు సూసినవా? గుండుకొట్టినట్టున్నయి. బ్రేకులు సూసినవా?"

లింగమూర్తి పది నెలల్లో ముప్పై బండ్ల నెత్తిన కొట్టాడు. ఒక్కదాని టైరు చూడలేదు.

"నెత్తి ఎట్లున్నా నడుస్తది" అన్నాడు దస్తగిర్, జాలిపడి. "టైర్లు, బ్రేకులు కావాలె. మంగళవారం ఇస్త. రేపు మాత్రం రోడ్డెక్కియ్యకు. పిల్లలున్నరు."

లింగమూర్తి అక్కడే పాత టైరు మీద కూలబడ్డాడు. ఇంట్లో ఎన్నడూ చెప్పని మాట దస్తగిర్‌కు చెప్పాడు.

"పోశం ఎరుకేనా నీకు? నా జతగాడు. పోయి ఆరేండ్లయింది. ఆనాడు పైకప్పు కొట్టి సూసింది నేనే. గట్టిగనే పలికింది. రమ్మన్నది నేనే. పావుగంటల కూలింది. అప్పటి సంది దేన్ని కొట్టకుంటే నాకు ఊపిరాడదు దస్తగిర్. కొట్టినా నమ్మకం రాదు."

దస్తగిర్ చేతులు గుడ్డకు తుడుచుకుని పక్కన కూర్చున్నాడు. చాయ్ తెప్పించాడు. అంతకంటే ఏం చేయగలడు?

ఇంటికి పోయి సంగతి చెబితే తిరుమల అరవలేదు. అరిచినా బాగుండేది. "సరే" అని వంటింట్లోకి పోయింది. మమత సూట్‌కేసు సర్దుకుంటూ, "పోనీ బాపూ, కిరాయి బండి మాట్లాడుదాం" అంది. ఈసారి లింగమూర్తి కాదనలేదు. తనే పదిమందికి ఫోన్లు చేశాడు. శ్రావణం, పెళ్లిళ్ల రోజులు. పెద్ద బండ్లన్నీ పోయాయి. చివరికి ఒక చిన్న కారు దొరికింది. డ్రైవరు పోగా నలుగురికి.

"రుత్విక్‌ను ఒళ్లె కూసోవెట్టుకుందాం" అంది ఐలవ్వ.

"బెల్టు లేకుంట ఒక్కళ్లు గూడ కూసోవద్దు" అన్నాడు లింగమూర్తి. ఎంత చెప్పినా వినలేదు. "మీరు పోండ్రి. నేనుంట."

ఆదివారం పొద్దున మమత కారు ఎక్కకుండా వాకిట్లో నిలబడింది. "బాపూ, ఐదుగురం అన్న గదా నేను" అంది. లింగమూర్తి ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేశాడు. కారు మలుపు తిరిగాక ఇంట్లోకి వచ్చి తనను తాను తిట్టుకున్నాడు. ఎంత తిట్టుకుంటే మాత్రం ఏం లాభం, పోయిన పది నెలలు వస్తాయా? తిరుమల కట్టిపెట్టిన పులిహోర గిన్నె మూత కూడా తీయలేదు.

పన్నెండు దాటాక ఫోను వచ్చింది.

"బాపూ, నానమ్మ పడవ ఎక్కుతలేదు. మేమంతా ఎక్కినం. నీతోని మాట్లాడినంకనే ఎక్కుతదట."

ఐలవ్వ ఫోను అందుకుంది. గాలి హోరులో ఆమె గొంతు సన్నగా వినబడింది.

"కొడుకా, నువ్వు లేకపోతివి. ఈ పడవ గట్టిదేనా?"

నూట ముప్పై కిలోమీటర్ల దూరాన క్వార్టరు వాకిట్లో ఉన్నాడు లింగమూర్తి. ఆ పడవ ఎట్లా ఉందో, ఎవడు నడుపుతున్నాడో, అడుగున చిల్లుందో లేదో ఆయనకేం తెలుసు? అవతల రుత్విక్ "జల్ది రా నానమ్మా" అని అరుస్తున్నాడు.

"గట్టిదే అవ్వా" అన్నాడు. "ఎక్కు. మమత పక్కన కూసో."

"అయితే ఎక్కుత" అంది ఐలవ్వ, సంబరంగా.

"అరగంటల దిగినంక చేస్త బాపూ" అని మమత పెట్టేసింది.

లింగమూర్తి లోపలికి పోలేదు. మళ్లీ ఫోను వచ్చేదాకా చేతిలో పట్టుకుని, ఆ ఎండలోనే వాకిట్లో నిలబడి ఉన్నాడు.