వైప్పారు మోటారుకు ఆరు గంటలు

ఉదయం 7.35కి విరుదునగర్ స్టేషన్‌లో దిగినప్పుడు నా దగ్గర ఉన్నవి: పైపుకు బయటి నుంచే బిగించి ప్రవాహం కొలిచే మీటరు, అంకెలు రాసిన పొడవాటి కొలబద్ద, ల్యాప్‌టాప్, రెండు నీళ్ల సీసాలు, ఇంకా పంపని నివేదిక. మనిషిని నేనొక్కణ్ణే.

వైప్పారు నది ఒడ్డున ఒక ఊళ్లో ఏటి మోటారు రోజుకు ఆరు గంటలు నడుస్తోందని రైతు రాసిన లెక్క చెబుతోంది. ఆ మోటారు తోడే మడుగులో మా నీటి సర్వే బృందం పెట్టిన సెన్సరు చూస్తే అందులో సగం నీళ్లు కూడా తగ్గలేదు. రెండిట్లో ఒకటి తప్పు. ఏదో కనిపెట్టబోతున్నానన్న హుషారు మదురైలో రైలెక్కినప్పుడే మొదలైంది. సోమవారంలోగా సంగతి తేలకపోతే రైతు లెక్కే ఖాయమవుతుంది. వేసవి అయ్యేదాకా ఆ మోటారు ఆపాలన్న మా సిఫారసు వెళ్లిపోతుంది.

8.10కి కోవిల్‌పట్టి బస్సు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పక్క సీటు పెద్దాయన కొలబద్ద సంగతి అడిగాడు. చెప్పాను.

“ఏట్లో మోకాటి లోతు లేదు. దానికి ఇంత కొయ్యా?” అన్నాడు.

9.20కి కోవిల్‌పట్టి. నాలుగు ఇడ్లీలు, ఒక వేరుశనగ చిక్కీ పొట్లం. 9.50 టౌన్ బస్సు తప్పితే తరువాతది మధ్యాహ్నమే, వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి. 10.40కి ఊళ్లో ఉన్నాను.

లెక్క రాసింది వెంకటమ్మాళ్. యాభై దాటిన రైతు. ఎకరన్నర మిరప కాపు మీద ఉంది, ఇంకా రెండు తడులు కావాలి. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగు, చదివిందీ రాసేదీ తమిళం. మజ్జిగ ఇచ్చి, మోటారు వేసింది. మీటరు బిగించి గంటసేపు చూశాను. పైపులో పోయిన నీరూ మడుగులో తగ్గిన నీరూ సరిపోయాయి. పరికరాల్లో తప్పు లేదు. మిగిలింది మోటారు గది గోడమీద ఆవిడ లెక్క రాసే క్యాలెండరే.

దాని ఫొటోలే ఆవిడ నాకు పంపింది. ప్రతి గడిలో తమిళంలో ‘ఆరు’, కింద నిలువు గీతలు. తమిళ అంకెల పేర్లు కష్టపడి నేర్చుకున్నవాణ్ణి, టక్కున చదివేశాను. గీతలు తడిపిన మడులనుకున్నాను. రోజూ ఆరు గంటలేనా అని ఇప్పుడు అడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“ఆరు గంటలు తోడింటే నా మిరపసెట్లు ఈతాడును గదా, తంబి. ఆరంటే ఏరు. బాయి మోటరు లెక్క దీంట్లో కలపకూడదని రాస్తిని. గంటలు గీతల్లో ఉండాది.”

ఏరు అనే రాయాల్సింది కదమ్మా అన్నాను.

“అరవంలో ఏరంటే మడక. నేను మడకని తోడినానని చదవరా?” అని నవ్వింది.

మడక అంటే నాగలి, బాయి అంటే బావి. తమిళంలో నదికీ ఆరు అనే అంకెకూ ఒకటే మాట, ఒకటే రాత. నివేదికలో ఏం రాశానో చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“నువ్వొకతూరి ఎంచు, నేనొకతూరి ఎంచుతాను” అంది.

ఇద్దరం విడివిడిగా గీతలు లెక్కపెట్టాం. ఒకటే సంఖ్య వచ్చింది. ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తే మోటారు రేఖ, మడుగు రేఖ దాదాపు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆ తెర ఆవిడకు చూపిస్తూ నేను గట్టిగా మాట్లాడుతున్నానని తరువాత తెలిసింది. పక్క చేనివాళ్లు వచ్చి నిలబడ్డారు.

4.15కి తిరుగు బస్సు. సాత్తూరు వంతెన మీద నుంచి చూస్తే ఇసుక మధ్య సన్నటి నీటిపాయ, అయినా కదులుతోంది. విరుదునగర్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని సిఫారసు కొట్టేసి, నివేదిక పంపాను. నలభై రోజులకు నేను మొదట రాసినవి 240 గంటలు. పంపినవి 92.