తీగ మీదుగా టేపు

చెట్టు లావెక్కకపోతే కొలిచేవాడి తప్పేముంది? కొలతగాడికి ఇప్పటికీ జవాబు తెలియదు. పరిశోధన చేసే మేడమ్ తీగలు నరికించిన అడవిముక్కలో కొలతలు బావమరిది వంతు. అక్కడి చెట్లు ఏటా బలుస్తాయి. పోల్చి చూడ్డానికి తీగలు వదిలేసిన ముక్క ఇతని వంతు. మణికట్టంత తీగను పక్కకి లాగి, సందులోంచి టేపు దూర్చి చూస్తాడు. పన్నెండేళ్లుగా అంకె కదిలీ కదలనట్టే ఉంటుంది.

"బావా, నీ చెట్లకి అన్నం పెట్టట్లేదా?" అంటాడు బావమరిది.

ఈసారి కడుపుమంట ఆగక, తీగ మీదుగానే టేపు చుట్టాడు.

కాగితం చూసి మేడమ్ ఆశ్చర్యపోయింది. "ఏడాదిలో రెండంగుళాలా? తీగలుంటే చెట్టు ఎంత తక్కువ పెరుగుతుందో, గాల్లోని కర్బనం ఎంత తక్కువ దాచుకుంటుందో మీ అంకెలే కదన్నా చెప్పాలి! మీరు రాశారంటే నిజమే అయ్యుంటుందిలెండి."

బావమరిది పక్కనే ఉన్నాడు.

"తీగని కూడా కలిపి కొలిచానమ్మా," అన్నాడు కొలతగాడు. టేపు బల్లమీద పెట్టి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయాడు.