మంచం కింద బ్యాటరీలు

ఆంటీకి నిద్రలో కూడా ఆక్సిజన్ యంత్రం నడుస్తూ ఉండాలి. ఆ వసంతకాలంలో నేను వేసిన లెక్కలన్నీ ఆ ఒక్క అవసరం చుట్టూనే తిరిగాయి.

ఎడిసన్‌లో మా తెలుగు చర్చికి వచ్చే పెద్దవాళ్ళు అంకుల్, ఆంటీ. నేను మాస్టర్స్ చదవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో ఆదివారం ఆరాధన అయ్యాక నా భోజనం వాళ్ళింట్లోనే. నేను పవర్ ఎలక్ట్రానిక్స్ చదివానన్నది గుర్తుపెట్టుకుని, ఫిబ్రవరిలో అంకుల్ ఫోన్ చేశారు.

"బాబూ, మన ట్రైలర్‌కి సోలార్ పెద్దది వేయాలి. ఈస్టర్‌కి ఆంటీ లేక్ దగ్గరికి వస్తానంటోంది."

ట్రైలర్ అంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. మంచం, పొయ్యి, హీటర్ అన్నీ అందులోనే. మా చర్చివాళ్ళు ఏటా గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక బయలుదేరి, ఉత్తరాన కొండల్లో ఒక సరస్సు పక్కన రెండు రాత్రులు ఉంటారు. ఆదివారం సూర్యోదయానికి ఒడ్డున ఈస్టర్ ఆరాధన. రాజమండ్రిలో ఉన్నప్పుడు ఆంటీ వాళ్ళు ఆ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్ళేవాళ్ళట. ఊహ తెలిసినప్పటినుంచి ఆమె ఒక్క ఈస్టర్ తెల్లవారుజాము కూడా వదల్లేదు. ఇప్పుడు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. యంత్రం ఆగకుండా చూసుకుని, ఆపదకని ఒక ఆక్సిజన్ సిలిండర్ దగ్గర పెట్టుకుంటే వెళ్ళవచ్చన్నారు డాక్టరు. వచ్చే ఏడాది గురించి ఎవరూ మాట్లాడలేదు.

సరస్సు దగ్గర కరెంటు లేదు. జనరేటర్ వేయనివ్వరు.

నేను ఏ పనైనా జాబితాతో మొదలుపెడతాను. ఆక్సిజన్ యంత్రం, హీటర్ ఫ్యాను, దీపాలు, నీళ్ళ పంపు, ఫోన్లు. ఒక్క ఆ యంత్రమే మిగతా అన్నిటికంటే ఎక్కువ తింటుంది. ట్రైలర్‌లో ఉన్న పాత బ్యాటరీ దానికి ఒక పూట కూడా రాదు. అది తీసేసి రెండు లిథియం బ్యాటరీలు, పైకప్పు మీద మూడు సోలార్ పలకలు, కొత్త ఇన్వర్టర్ పెట్టాలని తేల్చాను. బ్యాటరీలు నిండుగా ఉంటే మొదటి రాత్రి నిశ్చింతగా గడుస్తుంది. రెండో రాత్రి మాత్రం శనివారం ఎండ తిరిగి ఎంత నింపుతుందో దానిమీదే ఆధారపడుతుంది.

వాటిని ఎక్కడ పెట్టాలన్న దగ్గర అంకుల్‌కి గట్టి అభిప్రాయం ఉంది. "బ్యాటరీ గాలాడేచోట ఉండాలి బాబూ. మన రాజమండ్రిలో ఇన్వర్టర్ ఎప్పుడూ వరండాలోనే. లోపల పెడితే ఆ ఆసిడ్ వాసనకి ఆంటీ దగ్గుతుంది."

"వీటిలో ఆసిడ్ ఉండదు అంకుల్."

"మరి డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోయాలి?"

"పోయక్కర్లేదు."

ఆయన నన్ను జాలిగా చూశారు. నేనూ ఎక్కువ వాదించలేదు. మన దేశంలో నేను చదివిన కాలేజీలో మే నెల ఎండే బ్యాటరీకి శత్రువని నేర్పారు. బయట చల్లగా ఉంటుంది, మంచిదే అనుకున్నాను. ట్రైలర్ ముందు భాగంలో ఉన్న ఇనప పెట్టెలో బిగించాము.

మార్చి చివర్లో ఇంటిముందే పరీక్ష పెట్టాము. ఆంటీ ట్రైలర్‌లో పడుకున్నారు. యంత్రం ఆగలేదు. తెల్లారి కారు అద్దాల మీద మంచు పేరుకుని ఉంది కానీ ఎండ బ్రహ్మాండంగా కాస్తోంది. మీటర్ చూస్తే సున్నా. బ్యాటరీల్లోకి ఏమీ వెళ్ళడం లేదు.

ఫ్యూజులు చూశాను. బిగింపులు చూశాను. పలకల మీద నీడ లేదు. ఛార్జింగ్‌ని నడిపే కంట్రోలర్ అమరికలన్నీ సరిగానే ఉన్నాయి. జాబితాలో ఇంకేమీ మిగల్లేదు. ఊరికే పెట్టె మూత తీసి బ్యాటరీ మీద అరచెయ్యి పెట్టాను. మంచుగడ్డలా జివ్వుమంది.

గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ కరెంటు ఇస్తుంది, తీసుకోదు. పాడైపోకుండా దానిలోని రక్షణే తలుపు వేసేస్తుంది. ఈ మాట దానితో వచ్చిన పుస్తకంలోనే ఉంది. వేడి గురించి రాసిన పేజీని నేను రెండుసార్లు చదివాను. చలి పేజీని తిప్పేశాను.

"ఇవి చలికి తినవు అంకుల్. లోపలికి తేవాలి."

"లోపలంటే ఎక్కడ?"

ఖాళీ ఉన్నది ఒక్క మంచం కింద అరలోనే.

"దానిమీద మనిషి పడుకోవాలయ్యా!"

ఆంటీ ముక్కుకి గొట్టంతో ట్రైలర్ గుమ్మంలో కూర్చుని అంతా వింటున్నారు. "ఏవండీ," అని ఆగి ఊపిరి తీసుకున్నారు. "ముప్పై ఏళ్ళు మీ గురక పక్కన పడుకున్నాను. ఇదైతే చప్పుడు చెయ్యదుగా."

"నవ్వులాట కాదే."

"నాకూ కాదు." మళ్ళీ ఆగారు. "పెట్టు నాయనా."

పెట్టాను. కదలకుండా పట్టీలు వేశాను, తీగలకి కొత్త ఫ్యూజులు బిగించాను. కొత్త కారు కొంటే చేసినట్టే అంకుల్ ఆ బ్యాటరీల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ మధ్యాహ్నం ముందుగా ఆయనే ఆ మంచం మీద పడుకుని చూశారు. నిద్రపోలేదు. కళ్ళు మాత్రం మూసుకున్నారు.

ఈస్టర్ శనివారం ఉదయం సరస్సు దగ్గర గడ్డి అంతా మంచుతో తెల్లగా ఉంది. మంచం కింద మాత్రం వెచ్చగానే ఉంది. ఎండ పడగానే మీటర్‌లో అంకె కదిలింది. మధ్యాహ్నం మబ్బు పట్టింది. అనుకున్నంత నిండలేదు. హీటర్, యంత్రం తప్ప అన్నీ ఆపించాను. ఆ రాత్రి అంకుల్ టార్చి పెట్టుకుని బైబిలు చదివారు.

ఆదివారం తెల్లవారుతుంటే ఆంటీని మడత కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తెచ్చాము. గొట్టం ఒడ్డుదాకా అందలేదు. సగం దూరంలోనే బిగుసుకుంది. పాస్టరుగారు ఆ గొట్టం వైపు చూసి, బైబిలు చంకలో పెట్టుకుని మా దగ్గరికి నడిచొచ్చారు. ఆయన వెనకే అందరూ వచ్చి ట్రైలర్ చుట్టూ నిలబడ్డారు. వాళ్ళ భుజాల మధ్య నుంచి నీళ్ళ మీద వెలుగు కనిపించింది. పాటలో ప్రతి చరణానికీ మొదటి మాట ఆంటీ అందుకుంటే, మిగతాది అంకుల్ పాడారు. లోపల యంత్రం ఊపిరి తీసి వదులుతున్న చప్పుడు పాటలో కలిసిపోయింది.

మధ్యలో అంకుల్ నావైపు వంగారు. "ఎంతుంది బాబూ?"

"సరిపోతుంది అంకుల్."

ఆగస్టులో ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

నవంబరులో అంకుల్ ఫోన్ చేసి, చలికాలం వస్తోంది, ట్రైలర్‌లోంచి బ్యాటరీలు తీసిపెట్టాలన్నారు. తీగలు విప్పి, గరాజ్‌లో ఒక మూల ఖాళీ చేశాను.

"అక్కడ చలిగా ఉంటుంది కదయ్యా," అన్నారు.

వాడకుండా ఉంచినప్పుడు గరాజ్ చలి వాటినేమీ చేయదు. ఆ మాట చెప్పలేదు. చెరోపక్క పట్టుకుని ఒక్కోదాన్నీ లోపలికి మోసుకెళ్ళి, ఆయన చూపించిన చోట, పడకగదిలో మంచం కింద ఆంటీ పడుకునే వైపు పెట్టాము.