సైలెన్సర్‌కి కాపలా

మా దేవసహాయం మావయ్యగారు ఎవర్నీ నమ్మరు. పాలవాణ్ణి నమ్మరు, పాలని నమ్మరు, పాలు కొలిచే గ్లాసుని అసలే నమ్మరు. ఒకసారి ఒంట్లో బాగోక ఆసుపత్రికి వెళ్తే నర్సమ్మ థర్మామీటరు పెట్టబోయింది.

"ముందు మీరు పెట్టుకోండమ్మా" అన్నారు.

"జ్వరం మీకు కదండీ?"

"అందుకే. మీకు లేదని అది సరిగ్గా చెప్తే, అప్పుడు నా చంకలో పెడుదురుగాని. ఎందుకైనా మంచిది."

ఈ "ఎందుకైనా మంచిది" ఆయన ఊతపదం. అత్తయ్య బండారులంకలో పట్టుచీర కొంటుంటే, ఎందుకైనా మంచిదని కొంగులోంచి పోగొకటి లాగి అగ్గిపుల్ల గీశారు. "పోగెందుకండీ, చీరంతా కాల్చి చూసుకోండి" అన్నాడట నేతాయన. చర్చిలో పాస్టరుగారు వాక్యం చదువుతుంటే ఈయన తన బైబిల్లో వేలు పెట్టి సరిచూసుకుంటారు. ఓ ఆదివారం అయ్యగారు వచనం నంబరు తప్పు చెప్పారు. మావయ్యగారు దగ్గారు. అప్పట్నుంచీ ఆయన ఎప్పుడు దగ్గినా, అది ఉత్త జలుబు దగ్గయినా సరే, అయ్యగారు కంగారుగా పేజీ వెనక్కి తిప్పుకుంటున్నారు.

ఇలాంటి మనిషి దగ్గర ఒక స్పోర్ట్స్ కారుంది. తాటిపాకలో పనిచేసిన ఇంజనీరొకాయన బదిలీ మీద వెళ్తూ అమ్మేసిన పాత కారు. ఎర్రది, రెండే తలుపులు, నేలకి జానెడెత్తు. ఎక్కాలంటే కూలబడాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యి అందించాలి. మన స్పీడు బ్రేకర్లకి కింద గీసుకుని గీసుకుని, ఉప్పుగాలికి తుప్పు పట్టి, దాని సైలెన్సర్ జల్లెడైపోయింది. కారు ఈదరపల్లి వంతెన ఎక్కగానే ఇంట్లో అత్తయ్య ఆ చప్పుడు విని కూర వేడి చేయడం మొదలుపెట్టేది.

"మార్చేయండి మావయ్యగారూ. రాజమండ్రి తీసుకెళ్దాం" అన్నాను.

"రాజమండ్రి ఎందుకురా ఉదయ్? మన దుర్గేష్ షెడ్డుకి పోదాం."

నేను ఉలిక్కిపడ్డాను. దుర్గేష్ ఎర్రవంతెన దగ్గర షెడ్డు పెట్టుకున్న మెకానిక్. కొబ్బరి వ్యాపారి నాగదుర్గాప్రసాద్‌గారు ఆ మధ్య, తన కారులో కొత్త సామాను తీసేసి పాతది బిగించాడని అతని గురించి చెప్పారు. టీకొట్టులో చెప్పారు, పెళ్ళిలో చెప్పారు, ఒక చావింట్లో కూడా చెప్పారు. ఇక షెడ్డుకి బండ్లు రావడం మానేశాయి. భార్యకి నెలలు నిండుతున్నా, షెడ్డు మూసేసి మస్కట్‌కి డ్రైవరుగా పోవడానికి దుర్గేష్ తయారవుతున్నాడని ఊళ్ళో అనుకుంటున్నారు.

"అతను సామాను మార్చేస్తాడంటున్నారు కదండీ?"

"ఆయ్. అందుకే దగ్గర కూచుంటాను."

కూచున్నారు కూడా. షెడ్డు లోపల కాదు, రోడ్డు పక్కన, బస్సుల్లో పోయేవాళ్ళకి కూడా కనపడేలా కుర్చీ వేయించుకుని గొడుగు పట్టుకున్నారు. "కారు బయటే పెట్టు! లోపల చీకట్లో నువ్వేం మార్చినా నాకేం తెలుస్తుంది?" అని గట్టిగా అన్నారు. కారుని జాకీతో లేపి దిమ్మలు పెట్టగానే, కూతురి గోళ్ళరంగు సీసా నా చేతికిచ్చి, కింద కనపడిన ప్రతి బోల్టుకీ చుక్క పెట్టించారు.

దుర్గేష్ ముఖం మాడిపోయింది. అయినా తుప్పు బోల్టుల మీద కిరసనాయిలు పోసి, నాననిచ్చి, స్పానరు వేశాడు. ఒకటి పుటుక్కున విరిగింది.

"విరగ్గొట్టేడు!" మావయ్యగారి కేక వంతెన అవతలికి వినపడింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా వచ్చేశారు.

"తుప్పు తినేసిందండి, చూడండి" అని దుర్గేష్ ముక్క చూపించాడు. ఆ ముక్క గుంపులో అందరి చేతులూ మారింది. చుక్క దాని మీదే ఉంది.

పాత సైలెన్సర్ ఊడొచ్చింది. దుర్గేష్ లోపలికి తొంగిచూసి, "ఇంజను దగ్గర పైపు బాగానే ఉందండి. అది మార్చక్కర్లేదు" అన్నాడు.

"ఏం? ఎందుకక్కర్లేదు? మెకానిక్కన్నవాడు మార్చమంటాడు గానీ వద్దంటాడా? ఇందులో ఏదో ఉంది!"

"బాగుంటే మార్చడం ఎందుకండీ?" అన్నాడు గుంపులో ఒకాయన.

"బాగుందని మీరు చూసేరా?"

ఆయన పాపం వంగి, పైపుని గోరుతో గీకి, "బాగుందండీ" అని ఒప్పుకున్నాడు.

దుర్గేష్ కళ్ళు ఎర్రబడ్డాయి. నాకు మావయ్యగారి మీద ఒళ్ళు మండిపోయింది. "అసలే షెడ్డు మూసుకుంటున్న మనిషి. నడిరోడ్డు మీద ఇలా పరువు తీయడం పాపం అండి" అన్నాను చెవి దగ్గర.

"నువ్వూరుకోరా."

కొత్త సైలెన్సర్ బిగించడం అయ్యేసరికి బుల్లెట్ మీద నాగదుర్గాప్రసాద్‌గారు అటే వచ్చారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు.

"రండి రండి, సమయానికొచ్చేరు!" మావయ్యగారు ఎదురెళ్ళి బండి ఆపేశారు. "ఇతగాడు ఏదో మార్చే ఉంటాడు. నాకు చూపానదు. మీకు అనుభవం ఉంది, మీరే పట్టుకోవాలి."

అంతమంది చూస్తుంటే ఆయన కాదనలేకపోయారు. గోనెసంచి పరిచారు. ఆయన పొట్ట పట్టడానికి కారుని ఇంకో దిమ్మంత లేపాల్సి వచ్చింది. చివరికి బూట్లు మాత్రం బయటికి కనపడుతున్నాయి.

"ఇంజను దగ్గర బోల్టులు?" మావయ్యగారు కుర్చీలోంచి అడిగారు.

"చుక్కలున్నాయండీ."

"సైలెన్సర్ వేలాడే రబ్బర్లు?"

"కొత్తవేనండీ."

"కొత్తది వచ్చిన పెట్టె మీద నంబరు చదువుతాను, సైలెన్సర్ మీదది చూడండి."

"ఒకటేనండీ."

"సరిగ్గా చూసేరా? ఎందుకైనా మంచిది, మళ్ళీ చూడండి."

"చూసేనండీ బాబూ, బయటికి లాగండి!"

నలుగురు పట్టి లాగారు. తెల్ల చొక్కా మసిగుడ్డయింది.

"అయితే ఏం మార్చలేదంటారు" అన్నారు మావయ్యగారు.

"లేదండీ."

"వెనకవాళ్ళకి వినపడలేదు."

"ఏమీ మార్చలేదండీ!"

"మరి మీ కారులో మార్చేడని మీరే పట్టుకున్నారు కదా?"

నాగదుర్గాప్రసాద్‌గారు చొక్కా దులుపుకున్నారు. అది దులిపితే పోయే మసి కాదు. "నేను చూళ్ళేదండి. మా డ్రైవరు అలా అనుకున్నాడు" అని గొణిగారు.

గుంపు గొల్లుమంది. "దేవసహాయంగారికే ఏం దొరకలేదంటే ఇంకెవరికి దొరుకుద్దండీ" అని, ఒకాయన అప్పటికప్పుడే తన ఆటోని షెడ్డులోకి తోసుకొచ్చాడు. దుర్గేష్ మావయ్యగారికి దణ్ణం పెట్టబోతే, "చేతులు కనపడనీ, ఏం దాచేవ్?" అని కసిరి కారెక్కేశారు.

కారు ఇప్పుడు మెత్తగా పోతోంది. మాట్లాడితే వినపడుతోంది కూడా.

"దుర్గేష్ మంచివాడని మీకు ముందే తెలుసా అండీ?"

"నాకేం తెలుసు? వాణ్ణీ అనుమానించేను. కానీ ఊరంతా వాణ్ణి అనుమానించింది గానీ, ఆ మాట పుట్టించినాయన్ని అనుమానించినవాడు ఒక్కడూ లేడు. అదేం అనుమానంరా, సగంలో వదిలేసింది!"

"మంచివాడని మీరో మాట చెప్తే పోయేది కదండీ."

"చెప్తే ఎవడు నమ్ముతాడు? నాలాంటోడు పొద్దుటి నుంచీ తిట్టి తిట్టి, ఏమీ దొరక్క లేచి వెళ్ళిపోతేనే నమ్ముతారు."

నిజం చెప్పొద్దూ, ఆయన మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

"వచ్చే వారం బ్రేకులు విప్పిద్దాం" అన్నారు మావయ్యగారు.

"బ్రేకులు బాగానే ఉన్నాయి కదండీ?"

"ఉన్నాయిలే. వాడి ఇల్లాలికి పురుడొచ్చేదాకా మన కారు ఆ షెడ్డు ముందు నలుగురికీ కనపడుతుండాలి."

అని, నేను నవ్వుతున్నానేమోనని అనుమానంగా నావైపు చూశారు.