తండ్రి సంతకం గడి

2017 మే 22, సోమవారం, ఉదయం ఏడుంబావుకి మా గేటు చప్పుడైంది. ఆ వేళకి వచ్చేది చేపలామె. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ పచ్చి చేప దొరకదు కాబట్టి ఎండు నెత్తళ్లు, ఎండు కవళ్లు గంపలో పెట్టుకుని, శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డునున్న వాళ్ల ఊరి నుంచి మొదటి ఆటోలో శ్రీకాకుళం వచ్చి మా వీధిలో అమ్ముతుంది. నేను ఖజానా శాఖలో రిటైరైన ఏడాది, అంటే 2004 నుంచి ఆమె నాకు తెలుసు. ఆ రోజు గంపా లేదు, ఆమే లేదు. ఆమె కూతురు నిలబడి ఉంది, చేతిలో ప్లాస్టిక్ కవరుతో.

ఆ పిల్ల డిగ్రీ ఆ నెలలోనే పూర్తయింది. మార్కులు అరవై ఎనిమిది శాతం. చాలా దూరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలన, అదే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, ఎం.ఏ. చదవాలని ఉందట. దరఖాస్తుకి ఆఖరు తేదీ జూన్ 9, సాయంత్రం అయిదు. కవరులో దరఖాస్తు ప్రింటు ఉంది. ముప్పై రెండేళ్లు బిల్లులు తనిఖీ చేసిన దాన్ని కాబట్టి వీధిలో ఎవరి కాగితమైనా నా దగ్గరికి ఒకసారి వస్తుంది. నేను కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను.

ముందు చూసింది వ్యాసం. ఈ సబ్జెక్టే ఎందుకు ఎంచుకున్నారో మూడు వందల మాటల్లో ఇంగ్లీషులో రాయమన్నారు. ఆ పిల్ల రాసినదాంట్లో దేశాభివృద్ధి నాలుగుసార్లు, యువశక్తి మూడుసార్లు ఉంది. ఇది నువ్వు రాసిందేనా అని అడిగాను. కాదట. ఇంటర్నెట్ సెంటరు అతను ఇచ్చాడట. అతని దగ్గర అందరికీ ఒకటే పేరా ఉందట. ఎంబీఏ వాళ్లకి కంపెనీ అని, వీళ్లకి దేశం అని మార్చి ఇస్తాడట. పది రూపాయలు. నేను దాని మీద అడ్డంగా గీత కొట్టి, నీకు తెలిసిన సంగతి రాసుకు రమ్మన్నాను.

మార్కుల జాబితా, టీసీ, కుల ధ్రువపత్రం, ఫోటోలు అన్నీ సరిపోయాయి. లేనిది ఆదాయ ధ్రువపత్రం. అది ఉంటేనే హాస్టలుకీ ఫీజుకీ రాయితీ. ఆ రాయితీ లేకపోతే ఆ పిల్ల రైలెక్కే ప్రశ్నే లేదు. ఎందుకు తీసుకోలేదని అడిగితే, ఆ ధ్రువపత్రం కోసం పెట్టాల్సిన దరఖాస్తు తిప్పి ఒక గడి చూపించింది. కుటుంబ యజమాని సంతకం. రేషను కార్డులో యజమాని తండ్రి. వి.ఆర్.ఓ. ఆయన సంతకమైనా తెమ్మన్నాడు, లేదంటే ఆయన లేడని విచారణలో తల్లి చేత చెప్పించమన్నాడు.

"అమ్మ సెప్పదు మామ్మా. నాలుగేళ్ల నుంచి సెప్పనేదు," అంది. "మీరు అడిగితే ఏటైనా ఇంతాదేమో."

తండ్రి సంగతి నాకు తెలుసు. 2013 జూన్ 6న, నిషేధం ఎత్తేసిన మొదటి వారంలోనే, నలుగురు ఒక తెప్పలో వేటకి వెళ్లారు. తెప్ప తిరగబడింది. ముగ్గురిని మర్నాడు వేరే ఊరి పడవ ఎక్కించుకుంది. ఆయన దొరకలేదు. అప్పట్లో రెవిన్యూ వాళ్లు విచారణకి వస్తే ఆమె వాళ్లని గుమ్మంలోనే ఆపేసి, మనిషి కనబడకుండా కాగితం ఏటని పంపేసింది. శవం లేదు, విచారణ లేదు, కాబట్టి ఏ కాగితంలోనూ ఆయన పోలేదు. ఆమె బొట్టూ గాజులూ తీయలేదు.

రెండు రోజుల తర్వాత ఆమే గంపతో వచ్చింది. మెట్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, కూతురి చదువు గురించి ఎత్తాను. ప్రభుత్వ పాలన అంటే ఏమిటని అడిగింది. ఆఫీసులు ఎలా నడుస్తాయో, ఎలా నడపాలో చెప్పే చదువు అన్నాను.

"ఆపీసోలు ఎలగ తిప్పుతారో నాకు ఊరికే తెలిసిపోనాది," అంది. "దానికి రెండేళ్లు సదువూ, ఆస్టలూ కూడానా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. నవ్వకుండా నవ్వించడం ఆమెకి అలవాటు, బేరంలో కూడా అంతే.

విచారణ మాట ఎత్తేసరికి నెత్తళ్లు ఏరడం మొదలెట్టింది. విశ్వవిద్యాలయానికి నేను అంతకుముందు రోజే ఫోన్ చేశాను. తల్లి సంరక్షకురాలిగా సంతకం చేయొచ్చు గానీ ఆదాయ ధ్రువపత్రం మాత్రం తప్పదని అక్కడి గుమస్తా మర్యాదగానే చెప్పాడు. ఇక మిగిలిన దారి ఒకటే అనిపించి, రాయితీ లేని ఫీజు నేను కడతానన్నాను. నా పింఛను నాకు ఎక్కువే.

"మీరు కడితే అది మీ మనవరాలి సదువవుతాది గానీ నా గుంట సదువు అవ్వదు," అంది. "కవళ్లు తీసుకుంతారా, నేదా?"

పావుకిలో తీసుకున్నాను. డబ్బు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆమెకి అడ్డుపడుతున్నది ఏమిటో నాకు ఆ శనివారం తెలిసింది. తల్లీ కూతురూ ఇద్దరూ వచ్చారు. వాళ్ల ఊళ్లో నిషేధం ముగిసే ముందు గంగమ్మ పండగ చేసి, ఆ తర్వాతే తెప్పలు దింపుతారు. ఆ పండగకి చందా పెళ్లైన మగవాడి తల లెక్కన కట్టాలి. పండగకి ముందు వచ్చే ఆదివారం ఊరంతా కూర్చుంటే ఊరి పెద్ద ఒక్కొక్క పేరు పిలుస్తాడు. పేరు గలవాడు ఉన్నానని చెప్పి డబ్బు పెడతాడు. ఆ లెక్కలో పేరున్నవాడే ఊరి మనిషి. ఏ తగవులోనైనా అతనికి మాట ఉంటుంది, ఉమ్మడి వలలో పాలుంటుంది. భర్త పోయిన ఆడదానికి చందా లేదు. పైగా ఉమ్మడి వల లాగిన రోజున ఆమె వాటా చేప ఇంటికి పంపుతారు. ఈమె నాలుగేళ్లుగా ఆ చేప తీసుకోలేదు. ఆ తర్వాత వచ్చిన మూడు పండగల్లోనూ ఆయన పేరు పిలిచినప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి లేచి, ఉన్నాడని చెప్పి, చందా పెట్టింది. పెద్దలు వద్దనలేదు.

ఈ ఏడు పేర్లు పిలిచేది జూన్ 4. విచారణ ఆ తర్వాత పెట్టుకోవచ్చు కదా అని నేను అడిగాను. కూతురు అప్పటికే వి.ఆర్.ఓ.ని అడిగిందట. విచారణ తర్వాత కాగితం తహసీల్దారు దాకా వెళ్లి రావడానికి వారం పడుతుంది. నాలుగో తేదీ తర్వాత మొదలెడితే తొమ్మిదికి అందదు. నేను కేలండరు మీద రెండుసార్లు లెక్క చూశాను. అందదు.

"నాను సంతకం ఎడితే ఆదివారం ఆడి పేరు పిలవరమ్మా," అంది నాతో. కూతురి వైపు చూడలేదు.

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్ల మెల్లగా అంది: "పేరు పిలిసినప్పుడు నువ్వు ఉన్నాడంటావు. నువ్వు అనగలవు. నన్ను ఆపీసులో మీ నాన్న ఏడీ అంటారు. నానేటనాలి?"

తల్లి గంప తనంతట తానే నెత్తికెత్తుకుంది. మామూలుగా ఎవరో ఒకరం చెయ్యి వెయ్యాలి.

మర్నాడు ఆదివారం ఆమె ఊరి పెద్ద దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమె భర్తకి మేనమామ. సర్కారు కాగితంలో ఏది రాయించినా ఊరి లెక్కలో మాత్రం పేరు ఉంచమని అడిగింది. ఆయన మరో ఇద్దరు పెద్దల్ని పిలిచి కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాకా ఆలోచించారట. కసిరి పంపలేదు. భోజనం కూడా అక్కడే పెట్టారు. సోమవారం నాకు చెబుతూ ఆ మావ అన్న మాటలే అప్పజెప్పింది.

"రెండు తెప్పల మీద కాళ్లెట్టి సంద్రం దాటలేం కోడలా, అన్నాడు. అక్కడ నేడని రాయించి ఇక్కడ ఉన్నాడంటే, రేపు ఇంకో ఇంటోలు అడుగుతారు, ఆలకేటి సెప్తాను, అన్నాడు. నీకు ఆడు కావాలో నీ గుంట సదువు కావాలో నాను సెప్పలేను, అన్నాడు. అంతే."

ఆయన చెప్పింది అన్యాయం అని నాకు అనిపించలేదు. ఖజానాలో నేనైనా ఒకే మనిషిని రెండు రిజిస్టర్లలో రెండు రకాలుగా ఉంచనివ్వను. అయినా ఆ మాట ఆమెతో అనకుండా, పావుకిలో నెత్తళ్లు అడిగాను. ఆమె త్రాసులో తూచి, ఎప్పటిలాగే గుప్పెడు పైన వేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, "రమ్మనండి ఆ ఇచారణ బాబుని," అంది.

సీటు సంగతి ముందే చెప్పేస్తాను, దానికోసం ఎవరూ ఎదురు చూడక్కర్లేదు. ధ్రువపత్రం జూన్ 7న వచ్చింది. దరఖాస్తు ఎనిమిదిన వెళ్లింది. కొత్త వ్యాసం ఆ పిల్ల తనే రాసుకుంది. ఒకే మనిషిని రెండు చోట్ల రెండు లెక్కల్లో ఎలా ఉంచుతారో, ఏ లెక్క ఎవరికి పనికొస్తుందో రాసింది. స్పెల్లింగులు రెండు దిద్దాను. మాట ఒక్కటీ మార్చలేదు. జూలైలో సీటు వచ్చింది, రాయితీతో. ఆగస్టులో ఆమదాలవలసలో రైలెక్కింది. తల్లి స్టేషనుకి రాలేదు. ఆ వేళకి తెప్పలు ఒడ్డుకొస్తాయి, వేలం దగ్గర లేకపోతే ఆ రోజు బేరం పోతుంది. జూన్ 4న పేర్లు పిలిచినప్పుడు ఆమె ఇంట్లోనే ఉందని కూతురు చెప్పింది. తలుపు మాత్రం తీసే ఉంచిందట.

విచారణ మే 31, బుధవారం, ఉదయం పదిన్నరకి వాళ్ల ఇంటి ముందు జరిగింది. నేనూ ఆటోలో వెళ్లాను. వి.ఆర్.ఓ. కుర్రాడు, ఆ ఊరికి కొత్త. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూర్చోకుండా కాసేపు నిలబడ్డాడు. అచ్చు కాగితంలో గళ్లున్నాయి. తేదీ, తెప్ప ఎవరిది, ఎంతమంది వెళ్లారు, ఎంతమంది వచ్చారు. ఆమె అన్నిటికీ వెంటనే జవాబు చెప్పింది, బేరంలో ధర చెప్పినట్టు. తెప్పలో వెళ్లి బతికొచ్చిన ముగ్గురిలో ఇద్దరు అక్కడే ఉండి తలూపారు. మూడో అతను గట్టున కూర్చుని ఉండిపోయాడు.

తర్వాత పోయినవి చెప్పమన్నాడు. ఇది పరిహారం కోసం కాదని, గడి ఉంది కాబట్టి రాస్తున్నానని ముందే చెప్పాడు. ఆమె పరిహారం తనకి అక్కర్లేదంది. పండగ లెక్క గురించి చెప్పి, అది కూడా రాయమంది. దానికి గడి లేదన్నాడు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, 'ఇతరములు' అన్న చోట రాశాడు. చివర ఆయన వెంట తీసుకెళ్లిన అన్నం గిన్నె దగ్గరికొచ్చి అతను వదిలేస్తుంటే, అది కూడా రాయమంది, మూతతో సహా. రాశాక పైకి చదివి వినిపించాడు. ఆమెకి సంతకం వరకు వచ్చు. అక్షరం అక్షరం విడదీసి పెట్టింది. నా అలవాటు కొద్దీ నేను ఒక నకలు రాసుకున్నాను. అందులో ఉన్నది ఇది:

మనిషి ఒకరు, వయసు నలభై నాలుగు.

తెప్పలో నాలుగో పాలు.

మోటారులో నాలుగో పాలు.

వల మూడు ముక్కలు, ఒకటి కొత్తది.

డీజిలు పదిహేను లీటర్లు.

ఇతరములు: ఊరి పండగ లెక్కలో తల ఒకటి, ఈ ఏడు నుంచి.

అన్నం గిన్నె ఒకటి, మూతతో.