నేను తలూపని రోజు

2022 జూన్. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను ట్రైనింగ్ ఆఫీసర్‌ని. సీజన్ మొదలైందంటే గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరతాయి. లోపల లైను ఆగితే బయట కాయ మగ్గి కుళ్లిపోతుంది, రైతుకు కడుపు మండుతుంది.

ఆ ఏడాది స్టెరిలైజర్ ఆపరేటర్లు సీజన్‌కు ముందే మానేసి వెళ్లిపోయారు. స్టెరిలైజర్ అంటే గుజ్జును ఆవిరితో కాచి క్రిములను చంపే యంత్రం. కాంట్రాక్టరుతో తమిళనాడు నుంచి మనుషులను తెప్పిద్దామన్నారు మేనేజరు భాస్కర్ గారు. కాయలు ఏరే బెల్టు దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డ మనవాళ్లకే నేర్పుతానని నేను పట్టుబట్టాను. నా నోటికి జడిసి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. మొదటి షిఫ్టులో లైను ఆగిందంటే అందరూ తిరిగి బెల్టుకే.

జట్టుకు పెద్ద మల్లీశ్వరక్క, స్టెరిలైజర్ ఆమె చేతిలో. డ్రమ్ముల్లో పెట్టే సంచులు నింపే ఫిల్లర్ దగ్గర గిరి. ఒకరి పని ఇంకొకరికి రావాలని అందరినీ బాయిలర్ నుంచి డ్రమ్ముల దాకా తిప్పి తిప్పి నేర్పాను. యంత్రం మీద వాళ్ల చేయి ఉన్నంతసేపూ నా చేతులు వెనక్కి కట్టుకునేదాన్ని. నాలాంటి తొందర మనిషికి అదెంత కష్టమో ఆ దేవుడికే తెలియాలి.

వేడి చూపే మీటరు ముల్లు గీత కిందికి దిగితే ఎవరినీ అడక్కుండా లైను ఆపే ఎర్ర బటన్ నొక్కేయమని రోజూ చెప్పేదాన్ని. ఒకరోజు అక్క నిలదీసింది.

"నొక్కితే తిట్టేది మీరు గాదు గదా మేడం, ఆ మేనేజరాయప్ప గదా! అప్పుడు మీరు యాడుంటారు?"

"నీ పక్కనే ఉంటానక్కా," అన్నాను.

మొదటి షిఫ్టు రోజు భాస్కర్ గారు మా వెనకే నిలబడ్డారు. మధ్యాహ్నం దాకా బాగానే నడిచింది. తర్వాత ముల్లు మెల్లగా దిగడం మొదలైంది. ముందురోజు వానకు కట్టెలు తడిసి బాయిలర్‌లో ఆవిరి తగ్గింది. సరిగా కాగని గుజ్జు సంచిలోకి పోతే కొన్నాళ్లకు డ్రమ్ములు ఉబ్బి సరుకంతా పారబోయాల్సిందే. ఆపామా, లైను మొత్తం మళ్లీ శుద్ధి చేయడానికి రెండు గంటలు పడుతుంది.

"ఆపొద్దు మా! ఇప్పుడే ఎక్కుతుంది," అని అరిచారు భాస్కర్ గారు.

ముల్లు గీత దాటి దిగింది. అక్క నా మొహంలోకి చూసింది. తలూపితే చాలు, నొక్కేస్తుంది. కానీ అప్పుడు లైను ఆపింది నేనవుతాను. రేపు నేను లేని షిఫ్టులో ఈమె ఎవరి మొహం చూస్తుంది? ఊపకపోతే భయపడి వదిలేస్తుందేమో. అమ్మో, ఆ క్షణం పగవాళ్లకు కూడా వద్దు. వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. చేతులు వెనకే పెట్టుకున్నాను, తల కదపలేదు.

అక్క బటన్ నొక్కింది. హోరంతా ఒక్కసారిగా అణిగింది.

"ఎవరినడిగి ఆపినావు?"

"ఎవుర్నీ అడగలేదు సార్. వేడి దిగింది, ఆపినాను."

"నేర్పింది నేను సార్. బెల్టుకు పంపితే ముందు నన్ను పంపండి," అన్నాను.

ఆయన నోరు తెరిచేలోగా గిరి సగం నిండిన సంచిని తీసి, పనికిరాదని ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెట్టేశాడు. మిగతావాళ్లు అప్పటికే షెడ్డులోని ఎండు కట్టెలు మోసుకుని బాయిలర్ దగ్గరికి పరుగెత్తారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. భాస్కర్ గారు కాసేపు అదంతా చూసి, రైతులకు సర్దిచెప్పడానికి తానే గేటు దగ్గరికి వెళ్లారు.

సాయంత్రానికి లైను మళ్లీ నడిచింది. వరండాలో భాస్కర్ గారు ఫోనులో కాంట్రాక్టరుతో, "వద్దులేప్పా, ఈడ మావోళ్లుండారు," అనడం విన్నాను. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

టీ తాగుతూ అక్కను అడిగాను. "నా వైపు చూశావే, తలూపుతాననుకున్నావా?"

"ఊపుతారనే చూసినాను మేడం. మీరు ఊప్లేదు. కోపమొచ్చింది."

"ఊపి ఉంటే?"

అక్క నవ్వింది. "రేపు గూడా నొక్కేముందు మీ మొగమే చూస్తా ఉందును."

ఆ తర్వాత చాలా జట్లకు నేర్పాను. చేతులు వెనక్కి కట్టుకోవడం ఈ రోజుకీ నాకు కష్టమే.