తీరువ కట్టిన మనిషి

నీటితీరువ ఎకరాకింత అని కడతారు. ఎన్ని నీళ్లు వాడుకున్నావని ఎవరూ అడగరు. మనుబోలు దగ్గర మా పెదనాయనకు తెలిసిన అర్థశాస్త్రం అంతే. ఆయన మడి కాలువ మొదట్లో ఉండేది. గట్టు పొర్లి నీళ్లు సముద్రం దారి పట్టినా మడిలోకి నీళ్లు పారే మడవ మూసేవాడు కాదు. ఎవరేమన్నా మీసం సవరించుకుని, "తీరువ కట్టినాం గదా!" అనేవాడు.

ఒకసారి కాలువ చివర మడి ఉన్న ఆమె వచ్చింది.

"అన్నా, పైరు పొట్టకొచ్చింది. మా దాకా చుక్క రాలా, ఎండిపోతా ఉండాది. ఒక్కపూట మడవ కట్టన్నా."

"తీరువ కట్టినాం గదమ్మా!"

"నేనూ కట్టినా గదన్నా."

పెదనాయన న్యాయంగా ఆలోచించాడు. "అయితే నువ్వూ నీళ్లు పెట్టుకో తల్లీ. నేనొద్దన్నానా?"

ఆ ఏడు ఆమె ఎండిన పైరును గొడ్ల మేతకు కోసుకుంది. దానికీ ఆయన అడ్డు చెప్పలేదు.